పాత పండగ ఎవరిది?

నెలగంట పెట్టిన దగ్గర్నుంచి ఆదివారం అనుబంధాల్లో, టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పాట. పండగల్లో కళ పోయిందట. ఉమ్మడి కుటుంబాలు చెదిరిపోయి, ఇంటినిండా జనం ఉండే రోజులు వెళ్లిపోయాయట. అమ్మమ్మ చేతి అరిసెలున్న చోట అంగడి అరిసెలు కూర్చున్నాయి, పిల్లల పుట్టినరోజున దీపం వెలిగించాల్సిన వాళ్లు కొవ్వొత్తి ఆర్పుతున్నారు, పలకరింపులు ఫోన్‌లో పంపే బొమ్మలకు దిగిపోయాయి అంటారు. ఈ మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే, చెప్పేవాళ్లు రుజువు చూపించరు, వినేవాళ్లు అడగరు. చేతనైతే ఒక నిట్టూర్పు మనమూ కలుపుతాం. కానీ నిలబెట్టి ప్రశ్నిస్తే ఈ విలాపంలో నిలిచే మాట చాలా తక్కువ. గతాన్ని అది తప్పుగా చెబుతుంది, వర్తమానాన్ని సరిగా చూడదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. ఇళ్లలో పండగకు నిజంగా ఉన్న ఒకే ఒక్క కష్టాన్ని, అంటే ఆ పని ఎవరు చేయాలన్న ప్రశ్నను, అది మాటల చాటున దాచేస్తుంది.

ముందు కళ్లెదుట కనిపించే సంగతి చూద్దాం. కుటుంబాలు కలవడం తగ్గిపోతోందంటే ఆ జాడ రోడ్ల మీద, రైళ్లలో కనిపించాలి కదా. కనిపించేదంతా దానికి తలకిందులుగా ఉంది. తెలంగాణ ఆర్టీసీ సంక్రాంతికి 2024లో 4,484 ప్రత్యేక బస్సులు ప్రకటించింది. మరుసటి ఏడాది ఆ సంఖ్య 6,432కు చేరింది. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ నడిపేవి, ప్రైవేటు ట్రావెల్స్ బస్సులు, సొంత కార్లు దీనికి అదనం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర భోగికి ముందు రెండు రోజులు బారులు తీరే కార్లు ఏటా వార్తే. రైలు టికెట్లను ముందుగా కొనే గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించారు. అయినా గోదావరి జిల్లాల వైపు వెళ్లే బండ్లకు బుకింగ్ తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టు. సెలవు దొరికేది మూడు రోజులు, ప్రయాణానికే ఒకటిన్నర రోజు పోతుంది. టికెట్ ధర మామూలు రోజుల కంటే రెండింతలు, మూడింతలు. ఇంత భరించి ఊరికి వెళ్తున్న జనాన్ని పట్టుకుని మీకు బంధాల విలువ తెలియదనడం అన్యాయం. పాతరోజుల్లో ఇంత మంది ప్రయాణం చేయలేదంటే అందరూ అక్కడే ఉండేవారు కాబట్టి అనవచ్చు. నిజమే. అయితే, పక్క గదిలో ఉన్న అన్నతో కలిసి భోజనానికి కూర్చోవడానికి ప్రత్యేకంగా ప్రేమేమీ అక్కర్లేదు. అన్నను చూడటానికి రాత్రంతా బస్సులో నిలబడి వెళ్లాలంటే కావాలి.

ఇక ఉమ్మడి కుటుంబం. తాతలు, నాయనమ్మలు, ముగ్గురు నలుగురు కొడుకులు, కోడళ్లు, మనవలు ఒకే కప్పు కింద ఉండటం ఒకప్పుడు మామూలన్న నమ్మకం మీదే ఈ విలాపం మొత్తం నిలబడింది. 1941–51 దశకంలో భారతదేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. అందరూ ముప్పై రెండో ఏట పోయారని దీని అర్థం కాదు. పసిపిల్లల చావులే సగటును అంత కిందికి లాగాయి. ఆ లెక్క తీసేసినా, మనవడి పెళ్లి దాకా బతికిన తాత ఆనాడు అరుదే. ఇప్పుడు సగటు ఆయుర్దాయం 70 దగ్గర ఉంది. తాతా మనవలు ఇన్నేళ్లు కలిసి బతికిన కాలం మన చరిత్రలో ఇదే మొదటిది. ఆస్తి ఉన్న ఇళ్లలో పెద్ద కుటుంబాలు ఉండేవి, కాదనడం లేదు. కూలీనాలీ చేసుకునే వాళ్లకు అంత పెద్ద ఇల్లూ లేదు, అందరినీ ఒకచోట కట్టిపడేసే పొలమూ లేదు. గుజరాత్‌లో ఒక గ్రామాన్ని, ఇతరులు చేసిన అధ్యయనాలను పరిశీలించి సామాజిక శాస్త్రవేత్త ఎ.ఎం.షా 1973లో ఒక పుస్తకం వేశారు. ఉమ్మడి కుటుంబం ఒకప్పుడు అంతటా ఉండి, ఇప్పుడు క్రమంగా కూలిపోతోందన్న కథకు ఆధారాలు నిలవవని అందులో వాదించారు. గుజరాత్ సంగతి మనకెందుకంటారేమో. మన సినిమాల్లోని మండువా లోగిళ్లను పల్లెలన్నిటికీ కొలబద్దగా పెట్టుకున్నవాళ్లు అనాల్సిన మాట కాదది.

పిల్లల ముచ్చట్ల విషయంలో ఈ మరుపు ఇంకా ఎక్కువ. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు, పలుకులు వస్తే చిలకలు పంచే ఆచారం మన ఇళ్లలో ఉంది. బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, భోగిపళ్లు, అక్షరాభ్యాసం, ఇలా బిడ్డ ఎదుగుదలలో ప్రతి మెట్టుకూ ఏదో ఒక వేడుక. ఈ మెట్లు ఎందుకంత ముఖ్యమయ్యాయో ఆలోచించాలి. 1951 ప్రాంతంలో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు 146 మంది మొదటి ఏడాది దాటలేదు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే తర్వాతి బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టి చావు కన్ను తప్పించాలని చూసిన సమాజం మనది. బిడ్డ అడుగు వేసిందంటే బతికినట్టే అన్న ఊరట ఆ అరిసెల్లో ఉండేది. 2020 లెక్కల్లో ఆ మరణాలు వెయ్యికి తెలంగాణలో 21, ఆంధ్రప్రదేశ్‌లో 24. భయం తగ్గింది, ముచ్చట మిగిలింది. ఇప్పుడు కేకు కోస్తే సంస్కృతి పోయిందనేవాళ్లు ఇంకో సంగతి గుర్తుచేసుకోవాలి. పల్లెల్లో ఎన్నో కుటుంబాల్లో నిన్నమొన్నటి దాకా పెద్దవాళ్లకు తాము ఏ రోజు పుట్టారో తెలియదు. జననాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అది ఊళ్లలో అమలుకు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. బడిలో చేర్చుకునే రోజున పంతులుగారు ఎత్తు చూసి, వయసు అంచనా కట్టి, జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేస్తే అదే జన్మతేదీగా రిటైరయ్యే దాకా మోసినవాళ్లు లక్షల్లో ఉన్నారు. తిథి, నక్షత్రం చూసి పుట్టినరోజుకు తలంటిపోసి, గుడిలో అర్చన చేయించిన ఇళ్లు కొన్నే. మిగిలిన ఇళ్లలో ఒక బిడ్డ పుట్టిన రోజును గుర్తుపెట్టుకుని, దాని కోసం వీధి చివర బేకరీ నుంచి అరకిలో కేకు తేవడం ఈ తరంతోనే మొదలైంది. లేని వేడుక కొత్తగా వచ్చింది. ఉన్నదాన్ని చెడగొట్టారనడం ఎలా కుదురుతుంది? కొవ్వొత్తి ఆర్పడం అంత ఇబ్బందైతే దీపమే వెలిగించుకోండి, దానికి సంపాదకీయాలు అక్కర్లేదు.

అసలు విషయం వంటింట్లో ఉంది. అరిసెల గురించి ఇంత బెంగపడే వాళ్లలో ఎందరు వాటిని వండి ఉంటారు? బియ్యం ముందురోజే నానబోసి, మధ్యలో నీళ్లు మార్చాలి. వార్చిన బియ్యాన్ని తడి ఆరకముందే దంచాలి. దంచింది జల్లించాలి, జల్లెడలో మిగిలింది మళ్లీ దంచాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. కాస్త ముదిరితే అరిసె రాయవుతుంది, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతుంది. పొయ్యి మీది గిన్నెలో ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు బలంకొద్దీ తెడ్డు తిప్పాలి. ఆపైన ఒత్తడం, వేయించడం, చెక్కల మధ్య నొక్కి నూనె పిండటం. ఇది ఒక్క వంటకం. తెలంగాణలోనైతే సకినాలు. పరిచిన గుడ్డ ముందు గంటల తరబడి కూర్చుని, ఒక్కొక్కటీ చేత్తోనే చుట్టుకుంటూ పోవాలి. వీటికి తోడు ఇంటికి సున్నాలు, వాకిట్లో ముగ్గులు, అల్లుళ్లకు మర్యాదలు, వచ్చిపోయేవాళ్లకు వడ్డనలు, చివర్న కొండంత అంట్లు. ఇదంతా చేసినవాళ్లు భోజనానికి అందరి తర్వాత కూర్చున్నారు. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. కాకి సంగతేమో గానీ, మినపగారెల పప్పు రుబ్బిన ఇల్లాలు మాత్రం ఆనాడూ కదిలింది. ఈ పనికి ఎవరూ లెక్క రాయలేదు కాబట్టి ఆ రోజుల్లో పండగలు వాటంతటవే జరిగిపోయేవన్న భ్రమ మనకు మిగిలింది. ఇప్పుడు లెక్క ఉంది. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్లు దాటిన స్త్రీలలో 81 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తున్నారు, అలా చేసేవాళ్లు దానికి రోజూ సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. పురుషుల్లో ఆ పనిలో చేయి పెట్టేవాళ్లే 26 శాతం. వాళ్లయినా పెట్టేది 97 నిమిషాలు. 2024లో మళ్లీ సర్వే చేస్తే స్త్రీల సమయం 289 నిమిషాలకు తగ్గింది. సంతోషిద్దామంటే పురుషుల సమయమూ 88 నిమిషాలకు పడిపోయింది. ఇవి మామూలు రోజుల లెక్కలు. ఇల్లంతా బంధువులున్న మూడు రోజుల లెక్క ఎలా ఉంటుందో ఎవరి వంటింట్లోకి వాళ్లు తొంగిచూస్తే తెలుస్తుంది. ఉద్యోగం చేస్తూ, రోజుకు రెండు గంటలు బస్సుల్లో తిరుగుతూ, ఇంటికొచ్చి మళ్లీ ఐదు గంటల పని చేసే మనిషి ఈ ఏడు అరిసెలు బయట కొందామంది. మన వ్యాసకర్తలకు కళ తప్పినట్టు కనిపించింది ఆ క్షణమే.

పైగా కొన్న పిండివంట ఎక్కడినుంచి వస్తుంది? ఆకాశం నుంచి ఊడిపడదు. వీధి వీధినా వెలిసిన స్వగృహ దుకాణాల వెనక ఉన్నవి ఎక్కువగా ఆడవాళ్ల చేతులే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద ఆ పల్చటి రేకులు తీసేది ఆ చుట్టుపక్కల ఇళ్లలోని స్త్రీలే. అంటే అదే నేర్పు, అదే శ్రమ, మారింది ఒక్కటే: ఇప్పుడు దానికి కూలి ముడుతోంది. ఆ కూలి చాలుతోందా అన్నది వేరే చర్చ, చేయాల్సిన చర్చే. ఊరికే చేసిన అరిసెలో ప్రేమ ఉంటుంది, డబ్బిచ్చి కొన్నదాంట్లో ఉండదన్న వాదన మాత్రం, డబ్బివ్వకుండా పని చేయించుకోవడానికి అలవాటు పడ్డవాళ్లకే తడుతుంది.

ఊరంతా ఒక్కటై చేసుకునేదన్న ఆ పాత పండగలో ఎవరికి చోటుందో కూడా చూడాలి. భర్త పోయిన ఆడమనిషికి పేరంటంలో పసుపుకుంకుమలు లేవు. శుభకార్యం జరిగే ఇంట్లో ఆమె ఎదురుపడకూడదు, వంటింట్లో చాకిరీకి మాత్రం అడ్డులేదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు తలుపులు మూసుకున్నది ఈ సదాచార కుటుంబాలే. ముట్టయిన స్త్రీ పండగ నాడు పెరట్లో ఒక మూల కూర్చుంది. ఆ పద్ధతి పూర్తిగా పోలేదు కూడా. వ్రతానికి అడ్డొస్తుందని నెలసరి వాయిదా వేసే మాత్రలు మింగేవాళ్లు నేటికీ ఉన్నారు. ఇక ఊరి సంగతి. తెలంగాణలో దేశ్‌ముఖ్‌ల, దొరల ఇళ్ల శుభకార్యాలు వెట్టిచాకిరీ మీద నడిచాయి. 1946లో మొదలైన సాయుధ పోరాటానికి ఆ వెట్టి ఒక ముఖ్య కారణం. అప్పటి మద్రాసు రాష్ట్రంలో దళితులకు ఆలయాల తలుపులు తెరవడానికి 1947లో చట్టమే చేయాల్సి వచ్చింది. పండగ పూట పెద్దింటి వాకిట దూరంగా నిలబడి పళ్లెం చాచినవాళ్ల మనవలు ఇవాళ తమ డాబా మీద తామే గాలిపటాలు ఎగరేసుకుంటున్నారు. వాళ్లను అడిగి చూడండి, పండగకు కళ తప్పిందో, ఇప్పుడే వచ్చిందో. హరిదాసు రాలేదని, గంగిరెద్దులవాళ్లు కనబడటం లేదని బాధపడేవాళ్లు మనకు వేడుకైనది వాళ్లకు జీవనోపాధి అన్న సంగతి మరిచిపోతారు. వాళ్ల పిల్లలు అక్షయపాత్ర దించి చదువుకుని ఇంకో పనిలో చేరితే మన ఫొటోలకు అందం తగ్గిందేమో గానీ, పండగకు నష్టమేమీ లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటుంది. ఆడవాళ్లు ఆ పనిని కష్టంగా చూడలేదు, నలుగురూ చేరి పాటలు పాడుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ వండారు, ఆ సందడే పండగ, దాన్ని చాకిరీ అనడం వాళ్ల ఆనందాన్ని చిన్నబుచ్చడం అంటారు. ఇందులో నిజం ఉంది. రోకటి పాటలు ఊరికే పుట్టలేదు. అయితే ఆ ఆనందం దేనిది? తోడుదా, దంపుడుదా? జవాబు బతుకమ్మలో దొరుకుతుంది. తంగేడు, గునుగు, బంతి పూలు తెచ్చి పేర్చడం, చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ పాడటం, చెరువు గట్టుకు కలిసి నడవడం. తొమ్మిది రోజుల ఆ పండగలో ఎక్కువ భాగం స్త్రీల ఆటా పాటా. నైవేద్యాలు సైతం చివరి రోజు సద్దులతో సహా పెరుగన్నం, పులిహోర, సత్తుపిండి లాంటి తేలికైన వంటలే. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండగగా ప్రకటించింది. ప్రభుత్వం పూనుకోవడం వల్లే పెరిగిందనుకుంటే, లండన్‌లో, డల్లాస్‌లో ఏ ప్రభుత్వం చెప్పిందని ఆడుతున్నారు? పాతదైనా, ఎక్కువ పట్టింపులున్నదైనా, స్త్రీలకు తమదిగా అనిపించిన పండగ ఊరు దాటి, సముద్రం దాటి పెరిగింది. వాళ్లను పొయ్యి దగ్గర నిలబెట్టిన భాగమే వీలు దొరకగానే కుంచించుకుపోయింది. సందడి కావాలనుకునేవాళ్లు దీన్నుంచి నేర్చుకోవచ్చు.

రెండో అభ్యంతరం ఆర్భాటం గురించి. మొదటి పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు, ఓణీల వేడుకకు డ్రోన్ కెమెరా, కొత్త అల్లుడి ముందు వందల రకాల వంటకాలు పరిచి తీసిన వీడియో, వీటి కోసం అప్పులు. దీన్ని నేను సమర్థించను. అప్పు చేసి పప్పుకూడు ఎవరు తిన్నా తప్పే. కానీ ఇది కొత్త రోగమన్న మాట అబద్ధం. ఐదు రోజుల పెళ్లిళ్లు, శుభకార్యాల్లో మేజువాణీలు, వాటి ఖర్చులు చూసే కదా వీరేశలింగం ఆనాడే కలం ఝళిపించింది. ఆర్భాటం డబ్బున్నవాడి వెంట ఎప్పుడూ ఉంది, డబ్బు లేనివాడు వాడిని చూసి అప్పు చేయడమూ ఎప్పుడూ ఉంది. పదో తరగతి పాసైన కూతురికి పాయసం, మొదటి జీతంతో తల్లికి చీర, సొంతంగా బండి నడపడం నేర్చుకున్న కోడలికి స్వీటు, ఇవి ఆ జాబితాలోకి రావు. ఆడపిల్లకు సంబంధించి పాత సంప్రదాయం పట్టించుకున్న మైలురాళ్లు ఆమె ఒంటివి, పెళ్లివి, కాన్పువి. చదువు, ఉద్యోగం, జీతం కూడా వేడుక చేసుకోదగ్గవేనని ఈ తరం ఇళ్లు తేల్చాయి. ప్రతిదానికీ ఫంక్షనేనా అని వెక్కిరించేవాళ్లు ఈ రెంటినీ ఒకే గాటన కడుతున్నారు.

తిథి తప్పిందన్న ఫిర్యాదుకు ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. అమెరికాలో ఉన్నవాళ్లు సంక్రాంతి పని రోజున వస్తే దాన్ని శనివారం చేసుకుంటారని ఎగతాళి. పూర్వ సిద్ధాంతం పంచాంగానికీ దృగ్గణిత పంచాంగానికీ పొత్తు కుదరక, పండగ ఇవాళా రేపా అని ఏటా వాదించుకునే మనమే ఆ మాట అంటున్నాం. అందరూ ఇంట్లో ఉండే రోజు చూసుకుని కూర్చోవడంలో లోపం ఏముంది? 1980 ప్రాంతంలో స్టీవెన్ వోలిన్, లిండా బెన్నెట్, వాళ్ల సహచరులు తాగుడు పట్టుకున్న అమెరికా కుటుంబాలను అధ్యయనం చేశారు. ఇంట్లో తాగే మనిషి ఉన్నా భోజనాలు, పండగలు చెదరనివ్వని కుటుంబాల్లో పిల్లలకు ఆ అలవాటు సంక్రమించడం తక్కువగా ఉందని వాళ్లకు తేలింది. అక్కడ తేడా తెచ్చింది పిండివంటల సంఖ్య కాదు, ఏమొచ్చినా ఆ కలయికను వదులుకోకపోవడం. కోడిపందేల బరుల దగ్గర పగలంతా గడిపి, చీకటి పడ్డాక తూలుతూ ఇల్లు చేరి, పండగ సంప్రదాయాలు మంటగలిసిపోతున్నాయని బాధపడేవాళ్లకు ఈ అధ్యయనం కాస్త చేదుగా ఉండవచ్చు.

కాబట్టి పండగకు వచ్చిన ముప్పు కేకు నుంచీ కాదు, ఫోన్ నుంచీ కాదు. మారిన ఇంట్లో మారని పని పంపకం నుంచి వచ్చింది. ఈ విలాపం దాని గురించి ఒక్క మాటా అనదు. అంటే అనేవాళ్లే లేచి పని చేయాల్సి వస్తుంది. కళ తప్పిందని బాధపడే మగవాళ్లకు ఒక విన్నపం. వచ్చే సంక్రాంతికి బియ్యం నానబోసే దగ్గర్నుంచి పని మీరు తీసుకోండి. పాకం పట్టడం రాకపోతే నేర్చుకోండి, నేర్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. అంత ఓపిక లేకపోతే కొట్లో కొన్న అరిసెలు పెట్టినప్పుడు మారుమాట లేకుండా తినండి, తిన్నాక అందరి పళ్లేలూ మీరే కడగండి.